హలో... ఎవరండీ మాట్లాడేది?

పచ్చటి వెలుగు మీద నాలుగు వరసల నల్లటి అక్షరాలు, అంతే. సెల్‌ఫోన్ తెర అలా ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకి రాంగ్ నంబర్లు కూడా గుర్తుండే ఉంటాయి. ఫోన్ మోగేది. తెర మీద అంకెలు కనిపించేవి, పేరు ఉండేది కాదు. లిఫ్ట్ చేయగానే అవతలి గొంతు తానెవరో చెప్పకుండా "ఏంట్రా, ఎక్కడున్నావ్?" అని నేరుగా విషయంలోకి దిగిపోయేది. ఆ గొంతు ఎవరిదో పట్టుకునే ప్రయత్నంలో ఇవతలి మనిషి "ఆఁ, చెప్పు" అనేవాడు. పొరపాటు అక్కడే ఖాయమైపోయేది. సరైన మనిషే దొరికాడని అవతలివాళ్లకి నమ్మకం కుదిరేది. ఇంకో నాలుగు మాటలు వింటే తెలిసిపోతుందిలే అని ఇవతలివాళ్లు ఊరుకునేవాళ్లు. కాసేపటికి "ఇంతకీ ఎవరండీ మాట్లాడేది?" అన్న ప్రశ్న రాగానే ఇద్దరూ ఒకేసారి నాలుక కరుచుకునేవాళ్లు.

ఈ పొరపాట్లు మనుషుల పరాకు వల్లే జరిగాయనుకుంటే వాళ్లకి అన్యాయం చేసినట్టే. నంబరు తయారైన తీరులో, మీటల అమరికలో, ఫోన్ జ్ఞాపకంలో, గొంతు గాలిలో ప్రయాణించే పద్ధతిలో ఒక్కోచోట ఒక్కో కారణం ఉంది. వాటిలో కొన్ని ఇప్పటికీ మన జేబుల్లోనే ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు మీటల్లోనూ తెరలోనూ జరగలేదు, మన అలవాటులో జరిగింది. ల్యాండ్‌లైన్ నంబరు ఒక ఇంటిది. ఫోన్ ఎవరు ఎత్తుతారో తెలియదు కాబట్టి "ఫలానావారి ఇల్లేనాండీ? ఆయనున్నారా? నేను ఫలానా" అని ముందే చెప్పుకునేవాళ్లం. ఆ మూడు మాటల్లోనే తప్పు నంబరైతే బయటపడిపోయేది. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ చేతిఫోన్‌తో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాలలోని పోటీదారు జోయెల్ ఎంగెల్‌కి కాల్ చేసిన నాటి నుంచీ సెల్‌ఫోన్ వెనకున్న ఆలోచన ఒకటే: నంబరు చోటుకి కాకుండా మనిషికి ఉండాలి. అది నిజమయ్యాక అడగడం, చెప్పడం రెండూ పోయాయి. నంబరు అంటే మనిషే అనుకున్నాం. నిజానికి అది ఒక సిమ్ కార్డుకి దారి మాత్రమే. ఆ సిమ్ ఉన్న ఫోన్ ఎవరి చేతిలో ఉందో నెట్‌వర్క్‌కి తెలియదు.

ముందు నంబరు సంగతి. పది అంకెల్లో ఒక్కటి తప్పినా కాల్ ఆగదు, వేరేవాళ్లకి వెళ్తుంది. బ్యాంకు కార్డు నంబరు అలా కాదు. దాని చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కకట్టి పెట్టినది. ఐబీఎమ్‌లో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ కనిపెట్టిన ఆ లెక్క ప్రకారం ఒక్క అంకె తప్పు పడితే ప్రతిసారీ దొరికిపోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు అన్నీ దొరుకుతాయి, 09 బదులు 90 పడటం ఒక్కటే తప్పించుకుంటుంది. ఫోన్‌లో *#06# నొక్కితే వచ్చే ఐఎమ్ఈఐ, అంటే ఆ పరికరం సంఖ్య, 15 అంకెలుంటుంది, అందులో చివరిది కూడా ఈ తనిఖీ అంకే. అంటే పరికరం సంఖ్యకి రక్షణ ఉంది, మనిషికి చేరే నంబరుకి లేదు. కారణం సులువే: ఒక అంకెని తనిఖీకి కేటాయిస్తే వాడుకోగలిగే నంబర్లు పదో వంతుకి పడిపోతాయి. కాబట్టి నంబర్లు దాదాపు నిండిపోయిన వరుసలో ఏ తప్పు నొక్కినా అటువైపు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లూ "హలో" అంటారు.

ఇక మీటలు. ఫోన్‌లో పై వరసలో 1, 2, 3 ఉంటాయి. కాలిక్యులేటర్‌లో పై వరసలో 7, 8, 9 ఉంటాయి. బెల్ ల్యాబ్స్ వాళ్లు రకరకాల అమరికలని మనుషుల చేత నొక్కించి చూసి, ఆ ఫలితాలని 1960లో ప్రచురించారు. మీటల ఫోన్ 1963లో జనం చేతికొచ్చింది, ఇప్పటికీ అదే వరస. రోజంతా లెక్కల యంత్రం ముందు కూర్చునేవాళ్లకి ఇది నిజమైన ఇబ్బంది. వేళ్లు వాటంతటవే కదిలినప్పుడు 1 బదులు 7, 2 బదులు 8, 3 బదులు 9 పడతాయి. మధ్య వరసలోని 4, 5, 6 మాత్రం తప్పవు. తప్పు పడ్డ నంబరునీ అసలు నంబరునీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు 3కీ 9కీ మధ్యే తేడా కనిపిస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు. 5 మీద చిన్న బుడిపె పెట్టింది చూడకుండా నొక్కేవాళ్ల కోసమే. రబ్బరు మీటలు అరిగిపోయాక ఒక నొక్కు పడేది కాదు, లేదా రెండు పడేవి. ల్యాండ్‌లైన్‌లో నొక్కిన అంకె నొక్కినట్టే ఎక్స్ఛేంజీకి వెళ్లిపోయేది. సెల్‌ఫోన్‌లో పచ్చ మీట నొక్కేదాకా నంబరంతా తెర మీదే ఆగి ఉంటుంది, దిద్దుకునే వీలుంది. కానీ నొక్కేటప్పుడు కళ్లు మీటల మీద ఉంటాయి కదా, తెర మీద ఉండవు.

ఒకసారి తప్పు నొక్కాక రీడయల్ చేస్తే అదే తప్పు మళ్లీ వెళ్తుంది. "ఇందాకే చెప్పాను కదండీ, రాంగ్ నంబర్ అని" అంటూ అవతలివాళ్లు విసుక్కునే కాల్స్‌లో చాలా భాగం ఇవే. కాల్ లిస్టులోంచి ఆ నంబరు తీసేసి, కాగితం చూసి మొదటినుంచి కొట్టడం ఒక్కటే మందు. మళ్లీ అక్కడికే పోతే తప్పు వేళ్లది కాదు, కాగితం మీదే ఉంది.

కాగితం మీద తప్పు ఎలా పడుతుందంటే, నంబరు చెప్పుకునేటప్పుడు. ఈ విషయం మీద ఎంత చెప్పినా తక్కువే. "డబుల్ ఫోర్ త్రీ" అంటే 443. రాసుకునేవాడు కంగారులో 4433 అని రాస్తాడు. "ట్రిపుల్ ఎయిట్" అని విన్నవాడు రెండు ఎనిమిదులే వేస్తాడు. ఇంగ్లిషులో చెబితే ఫైవ్‌కీ నైన్‌కీ నడుమ ఉన్న అచ్చు ఒకటే, వాటిని వేరుచేసే హల్లులు ఫోన్‌లో పలచబడిపోతాయి. విమానాల రేడియో భాషలో తొమ్మిదిని "నైనర్" అనీ, అయిదుని "ఫైఫ్" అనీ అనేది అందుకే. తెలుగులో చెబితే మూడుకీ ఏడుకీ చివర ఒకేలా మోగుతుంది, మొదటి అక్షరం మింగేస్తే తేడా తెలియదు. అనుమానం ఉన్న అంకెని రెండు భాషల్లోనూ చెప్పడం మంచి పద్ధతి: "ఏడు, సెవెన్". డబుల్, ట్రిపుల్ మానేసి విడివిడిగా "నాలుగు, నాలుగు, మూడు" అనాలి. ఇంకో సంగతి, రాసుకున్నవాళ్లు తిరిగి చదివేటప్పుడు చెప్పినవాళ్లు ఏ గుంపులుగా చెప్పారో ఆ గుంపులుగానే చదవాలి. ఐదేసి చొప్పున చెప్పిన నంబరుని మూడు, మూడు, నాలుగుగా విరిచి చదివితే చెప్పినవాడికే తన నంబరు కొత్తగా వినిపిస్తుంది, తప్పున్నా "ఆఁ అవును" అనేస్తాడు.

నంబరు సరిగ్గా రాసుకున్నారనుకుందాం. తర్వాత దాన్ని ఫోన్‌లో ఫీడ్ చేసుకోవాలి. తొలి రోజుల సిమ్ కార్డులో ఒక పేరుకి ఒకే నంబరు. చోటు వంద, నూటయాభై, తర్వాత రెండువందల యాభై పేర్లకి. పేరు పొడవు కూడా సిమ్‌ని బట్టి పద్నాలుగు అక్షరాలో, కాస్త ఎక్కువో. ఒక్కో మీట మీద మూడు నాలుగు అక్షరాలు ఉండేవి కాబట్టి, రవి అని ఇంగ్లిషు అక్షరాల్లో రాయాలంటే 7 మూడుసార్లు, 2 ఒకసారి, 8 మూడుసార్లు, 4 మూడుసార్లు, మొత్తం పది నొక్కులు. సుబ్రహ్మణ్యం అని రాయాలంటే ఇరవైమూడు. మధ్యలో ఒక నొక్కు ఎక్కువైతే అక్షరం దాటిపోయి మళ్లీ చుట్టు తిరగాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? సుబ్బు అని పెట్టేసుకునేవాళ్లు. రెండో సుబ్రహ్మణ్యం పరిచయమైతే "సుబ్బు 2". ఆర్నెల్లు పోయాక ఒకటో సుబ్బు ఎవరో, రెండో సుబ్బు ఎవరో మరిచిపోవడం, ఒకరితో చెప్పాల్సిన మాట ఇంకొకరితో చెప్పడం. ఆ ఇద్దరూ సుబ్బులే కాబట్టి "సుబ్బూ!" అని పిలిస్తే ఇద్దరూ పలికేవాళ్లు. అన్ని రాంగ్ నంబర్లలోకీ ఇది ఆలస్యంగా బయటపడే రకం.

"ఇల్లు" అని పెట్టుకున్న నంబరుది ఇంకో చిక్కు. ఇంట్లో ఎవరు చేసినా ఇల్లు అనే వస్తుంది. "అమ్మా, వచ్చేస్తున్నా" అని మొదలుపెడితే అటుపక్క చెల్లెలు ఉంటుంది. "అన్నయ్య", "అత్తయ్య" అని వరసలతో పెట్టుకున్న పేర్లు ఫోన్ ఇంకొకరి చేతిలోకి వెళ్లేదాకానే పనికొస్తాయి. పెళ్లాం ఫోన్ మొగుడు ఎత్తితే "అన్నయ్య" అంటే ఎవరి అన్నయ్యో ఒక క్షణం వెతుక్కోవాలి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పుకోవాలి. జీఎస్‌ఎమ్ (2జీ సెల్‌ఫోన్ పద్ధతి) కాల్ వచ్చినప్పుడు నెట్‌వర్క్ సాధారణంగా పంపేది నంబరు ఒక్కటే. తెర మీద వెలిగే పేరు మనం రాసుకున్నదే, ఫోన్ మన పుస్తకంలోంచే తీసి మనకి చూపిస్తుంది. ఆ పేరు వెలగడం అవతల ఎవరున్నారో చెప్పే సాక్ష్యం కాదు. ఫోన్ అరువిచ్చినా, పోయినా, పిల్లల చేతిలో ఉన్నా అదే పేరు వెలుగుతుంది.

పైగా ఆ పేరు కూడా ప్రతిసారీ సరైనది కాదు. ఒకే నంబరు ఒకసారి ముందు సున్నాతో, ఒకసారి ప్లస్‌తో దేశం కోడ్ కలిపి, ఒకసారి ఏమీ లేకుండా రావచ్చు. మూడూ ఒకటేనని గుర్తించడానికి ఫోన్ తయారుచేసినవాళ్లు ఒక చిట్కా వాడారు: కుడివైపు నుంచి కొన్ని అంకెలే పోల్చడం. సింబియన్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచిన ఫోన్లలోనూ, తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆ సంఖ్య తరచుగా ఏడు. చివరి ఏడు అంకెలు కలిస్తే చాలు, ఇద్దరూ ఒకరే అని ఫోన్ తీర్మానించేసేది. పది అంకెల నంబర్లున్న చోట మొదటి మూడు అంకెలు తేడా ఉన్న ఇద్దరికి ఒకే పేరు వెలిగేది. మామూలుగా ఇది అరుదు. కానీ ముచ్చటపడి ఇంటిల్లిపాదీ చివరి అంకెలు ఒకేలా ఉండే నంబర్లు ఏరుకునేవాళ్లకి తరచూ జరిగేది: అక్క ఫోన్ చేస్తే బావ పేరు, బావ చేస్తే అక్క పేరు. పాపం ఫోన్ పాడైందనుకుని బాగుచేయించడానికి తీసుకెళ్లేవాళ్లు. అన్ని నంబర్లనీ ప్లస్, దేశం కోడ్‌తో సేవ్ చేసుకుంటే పరాయి దేశం వెళ్లినా కాల్ కలుస్తుంది. కానీ ఆ ఏడంకెల గొడవ మాత్రం దానితో పూర్తిగా తీరదు. పేరుతోపాటు కింద కనిపించే నంబరుని చూసే అలవాటే దానికి మందు.

గొంతు సంగతి దగ్గరికొస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మామూలు టెలిఫోన్ మోసుకెళ్లేది 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) మధ్య ఉన్న ధ్వనిని. ఎదిగిన మగవాళ్ల గొంతు మూల స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడవాళ్లది 165 నుంచి 255. అంటే ఈ ఇద్దరి మూల స్వరమూ ఆ కిటికీలోంచి లోపలికి రాదు. పైనున్న అనుస్వరాల (మూల స్వరానికి రెండింతలు, మూడింతలుగా మోగే స్వరాల) మధ్య దూరాన్ని బట్టి మన మెదడే లేని స్వరాన్ని లెక్కకట్టుకుని వినిపిస్తుంది. అటు పైన 'స', 'ఫ' లాంటి ఊదుడు ధ్వనుల బలం 4000 హెర్ట్జ్ దాటి ఉంటుంది, అదీ తెగిపోతుంది. ల్యాండ్‌లైన్ డిజిటల్ అయ్యాక ఈ మాత్రం గొంతుని సెకనుకి 64 కిలోబిట్లతో మోసేది. జీఎస్‌ఎమ్ మొదటి కోడెక్ (గొంతుని కుదించే పద్ధతి) 13తోనే సరిపెట్టింది. తర్వాత వచ్చిన ఏఎమ్ఆర్ అనే కోడెక్, సిగ్నల్ బాగుంటే 12.2, బలహీనమైతే మెట్లు దిగుతూ 4.75 దాకా.

అంత తక్కువలో గొంతు ఎలా పడుతుంది? పట్టదు. ఫోన్ గొంతుని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, అంటే సెకనుకి యాభైగా కోస్తుంది. ఒక్కో ముక్కలో నోటి ఆకారం ఎలా ఉంది, స్వరం ఎంత, ఊపిరి ఎంత అని ఆనవాళ్లు మాత్రం లెక్కకట్టి పంపుతుంది. అవతలి ఫోన్ ఆ ఆనవాళ్లతో గొంతుని కొత్తగా తయారుచేస్తుంది. సాక్షి చెప్పిన ఆనవాళ్లతో చిత్రకారుడు గీసిన బొమ్మ లాంటిది మనం వినే గొంతు. దారిలో ఒక ముక్క పోతే ముందు ముక్కనే మళ్లీ వాయించి ఖాళీ పూడుస్తుంది. వరసగా పోతే మెల్లగా గొంతు తగ్గించేస్తుంది. లిఫ్ట్‌లోంచో బేస్‌మెంట్‌లోంచో మాట్లాడే మనిషి గొంతు లోహంలా, గరగరగా, ఎవరిదో తెలియనట్టు మారిపోయేది ఇందుకే. జలుబు చేసిందా అని అడిగేవాళ్లం.

ఈ బొమ్మలో మొదట చెరిగిపోయేవి మనిషికీ మనిషికీ ఉన్న చిన్న తేడాలు. గొంతు మారని పన్నెండు పదమూడేళ్ల మగపిల్లాడు ఫోన్ ఎత్తితే "నమస్కారమండీ అమ్మగారూ" అని మొదలుపెట్టడం, వాడు సిగ్గుతో చచ్చిపోవడం ఎంతమందికి గుర్తుందో! రెండేళ్లు గడిచి గొంతు మారేసరికి వాడినే తండ్రి అనుకునేవాళ్లు. కంఠం, నోరు తండ్రి పోలికతో ఎదుగుతాయి. మాటల ఒడుపు, ఆగే చోటు, "ఊఁ" కొట్టే తీరు ఇంట్లోనే నేర్చుకున్నవి. ఆ పోలిక ఇరుకు కిటికీలోంచి కూడా దాటి వస్తుంది. తేడాలు దాటి రావు. ఎదురుగా మాట్లాడితే ఎవరూ పొరబడని అక్కచెల్లెళ్లు ఫోన్‌లో ఒకరి బదులు ఒకరు మాట్లాడి సొంత మేనమామనే నమ్మించగలిగేది అందుకే.

పేరుమోసిన ధ్వనిశాస్త్రవేత్త పీటర్ లేడ్‌ఫోగెడ్ తనకి తెలిసినవాళ్ల గొంతులు రికార్డు చేయించి తన మీదే పరీక్ష పెట్టుకున్నారు, 1980లో ఆ ఫలితం అచ్చయింది. "హలో" అన్న ఒక్క మాట విని ఆయన సొంత తల్లి గొంతునే పోల్చుకోలేకపోయారు. వినడమే వృత్తిగా ఉన్న మనిషి! ఎక్కువసేపు మాట్లాడింది వింటేనే గుర్తుపట్టగలిగారు. కాబట్టి "నా గొంతు కూడా గుర్తుపట్టలేదా?" అని నిష్ఠూరమాడటం న్యాయం కాదు. హలో చాలా చిన్నది. ఆ చిన్న మాట కూడా తరచూ సగమే చేరేది. మాట లేనప్పుడు బ్యాటరీ మిగలడానికి ఫోన్ ప్రసారం ఆపేస్తుంది. మళ్లీ మాట మొదలైందని గుర్తించి తెరుచుకునేలోపు తొలి అక్షరం ముక్క తెగిపోవచ్చు. లిఫ్ట్ చేసిన వెంటనే పేరు చెప్పేసేవాళ్ల పేరే ఎక్కువగా తప్పిపోయేది. ముందు "హలో" అని, ఒక్క క్షణం ఆగి, అప్పుడు పేరు చెబితే పూర్తిగా వినిపిస్తుంది.

ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, మళ్లీ ఒకేసారి మొదలుపెట్టడం గుర్తుందా? మాట అటు చేరడానికి పట్టే ఆలస్యం వల్ల అది. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య సూచన. ఆ గందరగోళంలో పేరు అడిగే అవకాశం చెయ్యి జారిపోయేది.

ఎల్‌టీఈ (4జీ) మీద కాల్స్ వచ్చాక 50 నుంచి 7000 హెర్ట్జ్ దాకా మోసే వైడ్‌బ్యాండ్ గొంతు విరివిగా వాడుకలోకి వచ్చింది. 'స' వినిపిస్తుంది, మనిషి పక్కనే ఉన్నట్టుంటుంది. రెండువైపులా ఫోన్, నెట్‌వర్క్ రెండూ దానికి సరిపడితేనే. ఒకవైపు తగ్గితే ఇద్దరికీ పాత కిటికీయే.

జేబులోంచి దానంతటదే వెళ్లే కాల్ మరో రకం పొరపాటు. పచ్చ మీట ఒకసారి నొక్కితే ఆఖరుగా చేసిన నంబర్ల జాబితా, రెండోసారి నొక్కితే కాల్. తాళంచెవుల గుత్తికి ఆ రెండు నొక్కులు ఎంత పని? 2 నుంచి 9 దాకా ఏ మీటనైనా పట్టి ఉంచితే స్పీడ్ డయల్. పేర్ల జాబితా 'ఏ' అక్షరం దగ్గర తెరుచుకునేది కాబట్టి ఆనంద్, అరుణ లాంటివాళ్లకి ఇలాంటి కాల్స్ ఎక్కువ. నోకియాలో మెనూ నొక్కి నక్షత్రం నొక్కితే కీప్యాడ్‌కి తాళం పడేది, అయినా 112 లాంటి అత్యవసర నంబరు మాత్రం తాళంలోనూ వెళ్లేది. ఇలాంటి కాల్ ఎత్తినవాళ్లకి బట్టల రాపిడి, దూరంగా ఎవరివో మాటలు వినిపించేవి. మనిషి ఆపదలో ఉన్నాడేమోనని గుండె దడదడలాడేది. అలాంటప్పుడు పెట్టేసి తిరిగి చేయడమే మంచిది. ఫోన్ మోగితే అతనికే తెలిసొస్తుంది.

తెలియకుండా పడ్డ కాల్ ఫార్వర్డింగ్ కూడా మనుషుల్ని తారుమారు చేస్తుంది. ఒకరికి చేసిన కాల్ వేరేవాళ్లు ఎత్తుతారు, ఎత్తినవాళ్లకి చేసినవాళ్ల నంబరే కనిపిస్తుంది కానీ అది ఎవరికోసం వచ్చిందో తెలియదు. "నేను మీకు చేయలేదండీ", "నాకే వచ్చిందండీ", ఇద్దరూ నిజమే చెబుతున్నారు. *#21# నొక్కితే కాల్స్ అన్నీ ఎటైనా మళ్లుతున్నాయేమో తెలుస్తుంది, ##002# అన్ని మళ్లింపుల్నీ తీసేస్తుంది. ఎత్తకపోతే మళ్లడం, బిజీగా ఉంటే మళ్లడం వేరు వేరు ఏర్పాట్లు, *#21#లో అవి కనిపించవు. ఫోన్‌లో ఎవరో చెప్పిన కోడ్ మాత్రం ఎప్పుడూ నొక్కకూడదు, మళ్లింపు పెట్టించి ఓటీపీ కాల్స్ తమవైపు తిప్పుకునే మోసం ఉంది.

మోసం మాట వచ్చింది కాబట్టి, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అన్న ఆట దగ్గరికి వెళ్లాలి. ఎంత ముద్దుగా ఉండేదో ఆ ఆట! చాలాకాలం తర్వాత ఫోన్ చేసిన స్నేహితుడు పేరు చెప్పకుండా ఏడిపించేవాడు, ఇవతలివాళ్లు ఒక్కో పేరూ అంటూ పోయేవాళ్లు. మొదట తట్టిన పేరుకి "ఆఁ, నేనే" అంటే చాలు, ఎవరైనా ఆ మనిషైపోవచ్చు. జపాన్‌లో 2000 తర్వాత వృద్ధులకి ఫోన్ చేసి "నేనే, నేనే" అంటూ మొదలుపెట్టి, వాళ్లు మనవడి పేరు పలికాక మనవడిగా డబ్బు గుంజే మోసం ఎంత పాకిందంటే, దాని పేరే "ఒరె ఒరె" మోసం, అంటే "నేనే నేనే" మోసం. ఇప్పుడు కాస్త రికార్డు దొరికితే గొంతునే అచ్చుగుద్దే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. తెర మీద కనిపించే నంబరుని కూడా నకిలీ చేయగలరు. తెలియని నంబరు నుంచి "సారీ, రాంగ్ నంబర్" అంటూ మొదలై స్నేహంగా ముదిరే మెసేజీలు పెట్టుబడి మోసాలకి మొదటి మెట్టు కావడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ రోజుల్లో నిజమైన రాంగ్ నంబర్ కాల్ "అయ్యో, ఏమనుకోకండి" అని ముగిసేది.

అప్పటి పద్ధతులే ఇప్పుడూ పనికొస్తాయని గట్టిగా అనిపిస్తుంది. ఎత్తినప్పుడు పేరు మనం అందించకూడదు. "రమేషా?" అనకుండా "ఎవరండీ?" అనాలి. తప్పు నంబరు అనిపిస్తే మన నంబరు చెప్పకుండా "మీరు ఏ నంబరుకి చేశారు?" అని అడగాలి. వాళ్లు చదివిన నంబరు మనదే అయితే వాళ్ల దగ్గర రాసుకున్నదే తప్పు, కాకపోతే నొక్కడంలో తప్పు. ఏది తప్పో చెప్పేస్తే రెండోసారి రారు. తెలిసిన గొంతు డబ్బు అడిగితే పెట్టేసి, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి మనమే చేయాలి. ఇంట్లోవాళ్లందరికీ తెలిసిన ఒక గుర్తుమాట ముందే అనుకుని ఉంచుకుంటే ఇంకా మంచిది.

చివరిగా, చేతులు మారిన నంబర్లు. వదిలేసిన నంబరుని కంపెనీలు కొంతకాలం ఖాళీగా ఉంచి వేరేవాళ్లకి ఇస్తాయి. అమెరికాలో ఆ వ్యవధి కనీసం 45 రోజులు. కొత్తగా సిమ్ తీసుకున్నవాళ్లకి పాతవాళ్ల చుట్టాలు, అప్పులవాళ్లు, పుట్టినరోజు శుభాకాంక్షలు అన్నీ వస్తాయి. మెసేజింగ్ యాప్‌లో వింత ఇంకా ఎక్కువ: పేరు మన పుస్తకంలోంచి వచ్చేది కాబట్టి పాత స్నేహితుడి పేరు కింద ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫొటో కనిపిస్తుంది. నంబరు మార్చాలనుకున్నవాళ్లు పాత సిమ్‌ని కొన్ని నెలలపాటు బతికించే ఉంచాలి. ముందు బ్యాంకులో, ఈమెయిల్ రికవరీలో మార్చాలి. పాత సిమ్ పనిచేస్తుండగానే మెసేజింగ్ యాప్‌లో ఉన్న నంబరు మార్పిడి ఏర్పాటుతో కొత్తదానికి మారాలి. తర్వాతే అందరికీ చెప్పాలి. చెప్పేటప్పుడు "ఇది నా కొత్త నంబరు" అంటే సరిపోదు, పాతది తీసేయమని కూడా అనాలి. లేకపోతే ఒకే పేరు కింద రెండు నంబర్లు ఉండిపోతాయి, పేరు నొక్కినప్పుడు ఎన్నో ఫోన్లు అలవాటుగా పాత నంబరుకే కాల్ కలుపుతాయి.